11 అంగుళాల ఒప్పందం

(సముద్రంలో డైవింగ్‌కి దిగేవాళ్లు సిలిండర్‌ని వీపుకి కట్టుకునే పద్ధతుల్లో బ్యాక్‌ప్లేట్-వింగ్ ఒకటి. స్టీలు పలకో అల్యూమినియం పలకో వీపుకి ఆనుతుంది. దాని వెనక గాలి నింపుకునే సంచి, అదే వింగ్. ఆ వెనక సిలిండర్. పలక ఒక కంపెనీది, వింగ్ ఇంకో కంపెనీది కలిపి వాడొచ్చా అన్నది ఇక్కడి తగువు. మేనమామ విశాఖపట్నంలో ఓడల మరమ్మతు వర్క్‌షాపులో ఫిట్టర్. ఆదివారాలు రుషికొండ దగ్గర నీళ్లలో దిగుతాడు. మేనకోడలు అండమాన్‌లో, స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్. అక్కడ అద్దెకిచ్చే సామాను బాధ్యత ఆమెదే.)

మేనమామ: నువ్వు పంపిన జాబితా చూశానమ్మాయ్. ప్లేట్లు, వింగులు, బ్యాండ్లు అన్నీ ఒకే కంపెనీవి రాశావు. ప్లేటు ఒకరి దగ్గర, వింగ్ ఇంకొకరి దగ్గర కొంటే ఎంత మిగులుతుందో లెక్క వేశావా?

మేనకోడలు: వేశాను మామయ్యా. మిగులుతుంది. రేపు రెండూ ఒకదానికొకటి పట్టకపోతే ఆ మిగిలిన డబ్బుకి రెట్టింపు పోతుంది. పైగా తిట్లు తినేది నేను.

మేనమామ: పట్టకపోవడమేంటి? ప్లేటు నడుమ గాడిలో రెండు బెజ్జాలుంటాయి, పైనొకటి, కిందొకటి. మధ్య నుంచి మధ్యకి కొలిస్తే 11 అంగుళాలు, అంటే 279 మిల్లీమీటర్లు. అమెరికాలో చేసినా అంతే, పోలండ్‌లో చేసినా అంతే. వింగ్ గుడ్డకి కొట్టిన లోహపు రింగులు, అదే గ్రామెట్లు, అవీ అదే కొలతలో ఉంటాయి. బోల్టు దూర్చు, నట్టు బిగించు. ఇందులో కంపెనీ పేరుతో పనేముంది?

మేనకోడలు: ఆ 11 అంగుళాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

మేనమామ: నన్నే పరీక్ష పెడుతున్నావా! ఉత్తర ఫ్లోరిడాలో నీటి గుహలున్నాయి. వాటిలోకి దిగేవాళ్లు సిలిండర్లు జంటగా వేసుకునేవారు. రెండు సిలిండర్లనీ కలిపి పట్టేవి రెండు స్టీలు పట్టీలు. వాటి బోల్టులు వీపు వైపుకి పొడుచుకొని ఉండేవి. 1979లో గ్రెగ్ ఫ్లానగన్ అనే ఆయన లోహపు పలక తీసుకొని, ఆ బోల్టులకి సరిపడేలా బెజ్జాలు వేశాడని చెబుతారు. 1980ల్లో అక్కడే డైవ్ రైట్ కంపెనీ ప్లేట్లూ వింగులూ చేసి అమ్మింది. తర్వాత వచ్చినవాళ్లు కూడా తమ సరుకు అవే జంట సిలిండర్లకి తగిలించాలి గనక అదే కొలత పట్టుకున్నారు. కొలత మారిస్తే కొనేవాడు లేడు.

మేనకోడలు: చూశావా, నువ్వే చెప్పావు. జంట సిలిండర్ల పట్టీల కోసం పుట్టిన అలవాటది. మా దగ్గరికొచ్చేవాళ్లు జంట సిలిండర్లు వేసుకుంటారా? అందరిదీ ఒంటి సిలిండరే. 11.1 లీటర్ల అల్యూమినియం ఎయిటీ. ఒంటి సిలిండర్‌కి బోల్టులుండవు, రెండు క్యామ్‌బ్యాండ్లతో బిగిస్తాం. ఆ బ్యాండు ప్లేటు స్లాట్లలోంచి దూరి, వింగ్ స్లాట్లలోంచి బయటికొచ్చి, సిలిండర్ చుట్టూ తిరగాలి. నీ 11 అంగుళాల ఒప్పందం ఆ స్లాట్ల గురించి ఒక్క ముక్క చెప్పదు. స్లాటు ఎంత ఎత్తున ఉండాలి, పైదానికీ కిందిదానికీ ఎంత ఎడం ఉండాలి అన్నది ఎవరిష్టం వాళ్లది.

మేనమామ: అంగుళం అటో ఇటో తేడా వస్తే ఏమైంది? బ్యాండు నైలాన్ పట్టీయే కదా, అదే సర్దుకుంటుంది.

మేనకోడలు: సర్దుకుంటుంది. అక్కడే చిక్కంతా. ఒకతను సొంత సామానుతో వచ్చాడు. స్టీలు ప్లేటు ఒకరిది, వింగ్ ఇంకొకరిది. బోల్టులు దర్జాగా పట్టాయి. పై బ్యాండు మాత్రం ప్లేటు స్లాట్లోంచి వింగ్ స్లాట్‌కి చేరేలోపు ఏటవాలుగా కిందికి పోయింది. బకిల్ వేయగానే ఆ బ్యాండు అంచు వింగ్ నడిమి గుడ్డని ముడతలు పెట్టి పక్కకి లాగింది. పడవ మీద కదిపి చూస్తే రాయిలా ఉంది. నీళ్లలో నానాక పట్టీ కాస్త వదులైంది, ఏటవాలుగా ఉన్న బ్యాండు తిన్నగా సర్దుకుంది, దాంతో ఆ బిగువూ పోయింది. సిలిండర్ ఎడమకి వాలింది. అతను కుడికి తిరగబోతే వీపు మీది బరువు ఎడమకి లాగేది. డైవ్ పొడుగునా చేతులతో ఈదుతూనే ఉన్నాడు.

మేనమామ: దానికి మందు ఉంది. సింగిల్ ట్యాంక్ అడాప్టర్. ఆ 11 అంగుళాల బెజ్జాల్లోనే బిగుస్తుంది, బ్యాండ్లు దానికే ఉంటాయి. అప్పుడు ప్లేటుకి స్లాట్లున్నా లేకున్నా, వింగ్ స్లాట్లు ఎక్కడున్నా మనకి పట్టింపు లేదు. తగువు మళ్లీ రెండు బోల్టుల దగ్గరికే వస్తుంది.

మేనకోడలు: వస్తుంది, ఉత్తినే రాదు. అడాప్టర్ బరువు వేరే. దాని మందం మేర సిలిండర్ వీపుకి దూరం జరుగుతుంది. ఎంత దూరం జరిగితే అంత ఊగుతుంది. ఇంకొకటి. అడాప్టర్ బోల్టులు వింగ్‌నీ ప్లేటునీ దాటి లోపలి వైపుకి వస్తాయి, వాటి మీద రెక్కల నట్లు పడతాయి. ప్లేటు నడిమి గాడి లోతుగా ఉంటే ఆ నట్లు గాడిలో దాక్కుంటాయి. గాడి లోతు తక్కువైన ప్లేటైతే సరిగ్గా వెన్నుపూస మీద గుచ్చుకుంటాయి. ఆ లోతుకీ కొలత లేదు.

మేనమామ: బోల్టు పొడవైతే కోసుకోవచ్చు. హ్యాక్సా ఎందుకుంది?

మేనకోడలు: కోసుకోవచ్చు, నీ వర్క్‌షాపు పక్కనే ఉంటే. సరే, బోల్టు దగ్గరికే వద్దాం, అది నీ సొంత ఇలాకా. అమెరికా బోల్టుకి యూరప్ నట్టు పడుతుందా?

మేనమామ: ఇది మాత్రం ఒప్పుకోవాలి. అమెరికా సామానుకి వచ్చేది 5/16 అంగుళం బోల్టు, అంగుళానికి 18 త్రెడ్లు. యూరప్ సామానుకి ఎం8. లావు చూస్తే 7.94 మిల్లీమీటర్లకీ 8 మిల్లీమీటర్లకీ తేడా కంటికి ఆనదు. పిచ్ వేరు. దానిది 1.41, దీనిది 1.25. ఒకదాని నట్టు ఇంకోదాని మీద ఒకటి రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. కుర్రాళ్లు అక్కడ ‘బాగా టైట్ అయింది’ అనుకుంటారు. పానా వేసి తిప్పితే త్రెడ్ అరిగిపోతుంది. పైగా స్టీలు మీద స్టీలు, రెండూ స్టెయిన్‌లెస్. ఒరుసుకొని పట్టేసిందంటే ఇక కోసి తీయడమే.

మేనకోడలు: నీకు తెలుసు కాబట్టి చేతికి తెలిసిపోతుంది. నా దగ్గర సీజన్‌కి ఒక కుర్రాడు మారతాడు. డబ్బాలో ఎం8 నట్లూ 5/16 నట్లూ కలిసి పడుంటే వాడికి తెలిసేదెలా?

మేనమామ: రెండు డబ్బాలు పెట్టు! ప్రతిదానికీ ఒకే కంపెనీ అంటే ఎలా? నీ రెగ్యులేటర్ల సంగతి చూడు. సిలిండర్‌కి తగిలించే ఫస్ట్ స్టేజ్ ఒకరిది, హోస్‌లు ఇంకొకరివి, ప్రెషర్ గేజ్ మూడో వాళ్లది. అన్నీ కలిపే వాడుతున్నావు కదా! ఇంట్లో ఇండేన్ రెగ్యులేటర్ భారత్ గ్యాస్ సిలిండర్‌కి పట్టడం లేదా? అప్పుడు రాని భయం ప్లేటు దగ్గరే ఎందుకు?

మేనకోడలు: ఇంటి గ్యాస్ సిలిండర్ వాల్వుకి కొలత ప్రమాణంలోనే ఉంది. రెగ్యులేటర్ల సంగతి అంటావా, పరిశ్రమ దాదాపు అంతా ఒక మాట మీద నిలబడింది. లో ప్రెషర్ పోర్టు త్రెడ్ 3/8-24, హై ప్రెషర్ పోర్టు త్రెడ్ 7/16-20. ఒకటి ఇంకోదాంట్లో పొరపాటున కూడా పట్టదు. నాకు నమ్మకం దాని మీద. వింగ్‌కి వచ్చేసరికి, గాలి గొట్టం లోపలికెళ్లే ఎల్బో త్రెడ్ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. గాలి వదిలే డంప్ వాల్వూ అంతే. పట్టినట్టు కనిపిస్తుంది, వాషర్ సరిగ్గా కూర్చోదు, బుడగలు కారుతూనే ఉంటాయి. అసలు పట్టనిది నన్ను భయపెట్టదు మామయ్యా. సగం పట్టేదాంతోనే భయం.

మేనమామ: సగం పట్టేదానికి నువ్వు ఇంకా పెద్ద ఉదాహరణ చెప్పొచ్చు. సిలిండర్ మెడ.

మేనకోడలు: అదే చెప్పబోతున్నా. యూరప్ సిలిండర్ మెడ ఎం25, పిచ్ 2 మిల్లీమీటర్లు. అమెరికా అల్యూమినియం సిలిండర్ మెడ ముప్పావు అంగుళం, పిచ్ సుమారు 1.81. ఎం25 వాల్వు ముప్పావు అంగుళం మెడలో కొన్ని చుట్లు ఎక్కుతుంది. చేత్తో లాగితే రాదు. కాస్త గాలి నింపినా ఆగుతుంది. ప్రెషర్ ఎక్కే కొద్దీ ఆ కొద్దిపాటి త్రెడ్ అంచులు తెగి, వాల్వు తూటాలా లేస్తుంది. ఇలాంటి ప్రమాదాల్లో మనుషులు గాయపడ్డారు. పట్టింది కదా అన్న ఒక్క మాట మీద జరిగినవే అవన్నీ.

మేనమామ: దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకు. అది 200 బార్ల ఒత్తిడి మోసే మెడ. ఇది నీళ్లలో నాలుగైదు కిలోలు తూగే సామానుని పట్టుకునే రెండు బోల్టులు. అక్కడ తప్పు జరిగితే ప్రాణం మీదికొస్తుంది. ఇక్కడ జరిగితే సిలిండర్ వాలుతుంది, వెన్ను నొప్పి పుడుతుంది. భయం ప్రమాదానికి తగ్గట్టుండాలి.

మేనకోడలు: నిజమే, మెడంత ప్రమాదం కాదు. వట్టి వెన్ను నొప్పి మాత్రమే అనకు. వింగ్ లిఫ్ట్ సంగతి చూశావా? కంపెనీ సెట్టుగా అమ్మితే ప్లేటు బరువు చూసి వింగ్ ఇస్తుంది. విడిగా కొంటే ఆ లెక్క మనం కట్టాలి.

మేనమామ: కడదాం. స్టీలు ప్లేటు దాదాపు 2.7 కిలోలు. నిండు అల్యూమినియం ఎయిటీ నీళ్లలో 700 గ్రాములు కిందికి లాగుతుంది. రెగ్యులేటర్ ఒక కిలో అనుకో. మొత్తం నాలుగున్నర కిలోల లోపే. వింగ్ 13 కిలోలు లేపుతుంది. మనిషి సామాను విప్పి నీళ్ల మీద వదిలేసినా అది తేలుతుంది. అండమాన్ నీళ్లు వెచ్చన, పల్చటి సూటు చాలు, లోతుకెళ్తే సూటు నలిగి పోగొట్టుకునే తేలుడూ తక్కువే. ఇందులో కంపెనీ మార్చితే మారేదేముంది?

మేనకోడలు: ఆ లెక్కే ఇంకో కొస నుంచి చూడు. డైవ్ మొదట్లో సిలిండర్‌లో ఉన్న గాలి బరువే దాదాపు 2.7 కిలోలు. అయిపోయే వేళకి అదే సిలిండర్ 2 కిలోల మేర పైకి లేస్తుంది. అల్యూమినియం ప్లేటు ఒక కిలో కూడా ఉండదు. స్టీలు ప్లేటుకి అలవాటుపడ్డ మనిషికి అల్యూమినియం ప్లేటు తగిలించి, సీసం అంతే ఇచ్చామనుకో, చివర్లో 5 మీటర్ల దగ్గర ఆగాల్సిన చోట ఆగలేక పైకి తేలిపోతాడు. ఇక జంట సిలిండర్ల కోసం చేసిన పెద్ద వింగ్ తెచ్చి ఒంటి సిలిండర్‌కి కడితే, గాలి నింపగానే రెండు పక్కలూ లేచి సిలిండర్‌ని మింగేస్తాయి. గాలి పై అంచున చిక్కుకుంటుంది, డంప్ వాల్వు లాగినా పూర్తిగా బయటికి రాదు. ఆ వింగ్‌కీ గ్రామెట్ల కొలత 11 అంగుళాలే!

మేనమామ: బాగుంది. అయితే నేనొకటి అడుగుతా. ఆ పెద్ద వింగ్, నీ ఒంటి సిలిండర్ ప్లేటు ఒకే కంపెనీవనుకో. అప్పుడు సరిపోతాయా?

మేనకోడలు: సరిపోవు.

మేనమామ: స్టీలు ప్లేటు తీసి అదే కంపెనీ అల్యూమినియం ప్లేటు పెడితే సీసం లెక్క తప్పదా?

మేనకోడలు: తప్పుతుంది.

మేనమామ: మరి ఒకే పేరు ఉన్నంత మాత్రాన ఏం ఒరిగింది? స్లాటు, గాడి లోతు, త్రెడ్, లిఫ్ట్, వింగ్ వెడల్పు... నువ్వు చెప్పిన తప్పులన్నీ ఒక్క కంపెనీ సరుకులోనూ జరుగుతాయి. చూడాల్సింది లేబుల్ కాదు, రెండు ముక్కలు కలిసే చోటు. ఆ చోటు ఐదు రకాలుగా పరీక్ష పెడితే చాలు. బ్యాండు తిన్నగా పోతోందా చూడు. నట్టు చివరి వరకు వేళ్లతో తిరుగుతోందా చూడు. ప్లేటు అంచు మీద వేలు రాయి, గరుకు ఉంటే ఆకురాయి పెట్టు, లేకపోతే అదే వింగ్‌నీ, ఒంటికి కట్టుకునే పట్టీని, అంటే వెబ్బింగ్‌నీ కోస్తుంది. వింగ్ నిండా గాలి నింపి, వాల్వు తనంతట తాను వదిలేదాకా చూసి, రాత్రంతా అలాగే ఉంచు, తెల్లారేసరికి మెత్తబడిందేమో చూడు. ఆఖరున నడుంలోతు నీళ్లలో వేసుకొని అటూ ఇటూ తిరుగు. ఇవన్నీ నెగ్గితే ఏ కంపెనీదైతేనేం?

మేనకోడలు: నీ పరీక్షలన్నీ నాకు సమ్మతమే. అయితే కంపెనీ సెట్టుకి ఇంకొకటి ఉంది. యూరప్‌లో తేలుడు పరికరాలకి ఈఎన్ 1809 అని ప్రమాణం ఉంది. ఎంత లేపాలి, గాలి ఎంత త్వరగా నిండాలి, ఎలా వదలాలి అన్నీ పరీక్షిస్తారు. అమ్మిన రూపంలో ఆ సెట్టు నెగ్గింది. ఒకరి ప్లేటూ ఇంకొకరి వింగూ కలిపిన సెట్టుని ఎవరూ పరీక్షించలేదు. రేపు ఏదన్నా జరిగితే ప్లేటు కంపెనీ వింగ్ వాళ్లని చూపిస్తుంది, వింగ్ కంపెనీ ప్లేటు వాళ్లని చూపిస్తుంది. మధ్యలో దొరికేది నట్టు బిగించినవాడు.

మేనమామ: బిగించినవాడే దొరకాలి! మా షాపులో ఎవరు బిగించారో వాళ్ల పేరు జాబ్ కార్డు మీద ఉంటుంది. కలిపినవాడే తయారుచేసినవాడు. నా ప్లేటు నేను కలుపుకున్నాను, దాని మీద నా పేరు రాసుకోవడానికి నాకేం వెరపు లేదు. అసలు ఈ పద్ధతిలో ఉన్న సుఖమే విడివిడిగా మార్చుకోవడం. సంచీ పట్టీలూ ఒకటిగా కుట్టిన జాకెట్ బీసీడీకి బాగుచేయలేని చిల్లు పడితే మొత్తం పారేయాలి. ఇక్కడ వింగ్‌కి చిల్లు పడితే వింగ్ మార్చు, వెబ్బింగ్ చీకిపోతే వెబ్బింగ్ మార్చు. స్టీలు ప్లేటు నా తర్వాత నా మనవడు వాడుకుంటాడు. నువ్వేమో ఒకే కంపెనీకి కట్టుబడతానంటున్నావు. సీజన్ మధ్యలో వింగ్ పాడై, ఆ కంపెనీ సరుకు దిగుమతి కాక, ఓడ కోసం కూర్చుంటే ఏం చేస్తావు? పక్క షాపులో ఇంకో కంపెనీ వింగ్ వేలాడుతూ ఉంటుంది.

మేనకోడలు: ఆ సెట్టు పక్కన పెడతాను. ఆ రోజు ఒక అతిథిని తగ్గించుకుంటాను.

మేనమామ: పక్క షాపు వింగ్ పరీక్ష పెట్టి తగిలించవా? నీ చేత్తో?

మేనకోడలు: నాకోసమైతే తగిలిస్తాను. నా సొంత సెట్టు చూడలేదేమో నువ్వు. ప్లేటు ఒకరిది, వింగ్ ఇంకొకరిది.

మేనమామ: ఓరి నాయనో! ఇంతసేపూ నాతో వాదించింది నువ్వేనా?

మేనకోడలు: నేనే. నా వీపు మీద ఉన్నది నేను కలిపాను. దాని లోపం నాకు తెలుసు, నీళ్లలో ఎటు లాగుతుందో తెలుసు, తేడా వస్తే చెయ్యి ఎటు పోవాలో తెలుసు. రేపు పొద్దున పడవెక్కే అతిథికి అందులో ఏదీ తెలియదు. గ్రామెట్ అంటే ఏమిటో తెలియదు. నువ్వు చెప్పిన పరీక్షల్లో ఒక్కటీ తనంతట తాను చేయలేడు. నా మీద నమ్మకంతో నీళ్లలోకి అడుగేస్తాడు. ఇంకొకటి, కింద 15 మీటర్ల దగ్గర అతను కంగారు పడితే నా చెయ్యి అతని డంప్ వాల్వు మీదికి చూడకుండానే పోవాలి. ప్రతి సెట్టులోనూ అది ఒకే చోట ఉండాలి.

మేనమామ: అందుకు ఒకే తీరు కావాలి, ఒప్పుకుంటా. ఒకే తీరుకి ఒకే కంపెనీ అక్కర్లేదు. ఒక కంపెనీ ప్లేటు, ఇంకో కంపెనీ వింగ్ ఎంచి, పరీక్ష పెట్టి, అన్ని సెట్లూ ఆ జోడీతోనే కట్టు. నీ చెయ్యి వెతుక్కోవాల్సిన పని లేదు, డబ్బూ మిగులుతుంది.

మేనకోడలు: ఇది ఆలోచించాల్సిన మాటే. మొదటి ఏడాది బాగానే నడుస్తుంది. రెండో ఏడాది నాలుగు వింగులు కొత్తవి తెప్పిస్తాం. ఈలోపు ఆ కంపెనీ మోడల్ మార్చి స్లాటు కాస్త పైకి జరిపిందనుకో. తన ప్లేటుతో కుదురుతుందో లేదో చూసి జరుపుతుంది, మన దగ్గరున్న వేరేవాళ్ల ప్లేటు సంగతి దానికి పట్టదు కదా. సగం సెట్లు ఒక తీరు, సగం ఇంకో తీరు అవుతాయి.

మేనమామ: సొంత ప్లేటుతో కూడా పాత మోడల్‌కి కుదరకుండా మార్చే కంపెనీలు లేవా?

మేనకోడలు: ఉండొచ్చు. అప్పుడు అడగడానికి ఒక్క గుమ్మం ఉంటుంది. రెండు గుమ్మాల మధ్య తిరగను.

మేనమామ: అయితే నీ తీర్పు చెప్పు. కలపొచ్చా, కలపకూడదా?

మేనకోడలు: కలిపినవాడే వేసుకునేటట్టయితే కలపొచ్చు. వేసుకునేవాడు వేరేవాడైతే, కలిపినవాడు పేరు రాసి, ఏమేం పరీక్షించాడో రాసి, ప్రతి కొత్త ముక్కకీ ఆ పరీక్ష మళ్లీ చేయాలి. మా దగ్గర అంత ఓపికా, అంత తీరికా సీజన్‌లో దొరకవు. అందుకే ఒకే కంపెనీ.

మేనమామ: అంటే నీ డబ్బు పోయేది సామాను మీద కాదు, తీరిక కొనుక్కోవడం మీద.

మేనకోడలు: అదే అనుకో.

మేనమామ: మరి ఆ తీరిక ఖరీదు ఎవరు కడతారు? అతిథి టికెట్‌లోనే కదా కలుపుతావు?

మేనకోడలు: కలుపుతాను. అడిగితే ఎందుకో కూడా చెబుతాను.

మేనమామ: నేనైతే ఆ డబ్బుతో ఒక మంచి ఫిట్టర్‌ని పెట్టుకుంటాను.

మేనకోడలు: పెట్టుకుంటాను, నువ్వొస్తానంటే. జీతం మాత్రం విశాఖపట్నంలో ఇచ్చేంతే. నట్ల డబ్బాలు రెండూ వేరుచేసే పని మొదటి రోజే మొదలు.